మడత నలగని గొడుగాయన

రాజులు కోటలు గెలిచి ఉంటారు. పహిల్వానులు ఏనుగుల్ని తోక పట్టి ఆపి ఉంటారు. కండబలం ఉన్నవాళ్లకి అదేమంత గొప్ప? మా అమ్మమ్మ బొగ్గుల ఇస్త్రీపెట్టె ఒకటి చేత పట్టుకుని, మెట్ల కింద గదిలోంచి కాలు బయటపెట్టకుండా, వీధి వీధంతటినీ నవ్వించింది. ఆవిడ బట్టలు చుట్టిచ్చే పేపరు ఓనరు, వార్తల కోసమే జనం తన పేపరు కొంటున్నారని అనుకుంటూ ఉండేవాడేమో, పాపం. కొన్నది మా అమ్మమ్మ వల్ల. ఆవిడ నవ్వించలేని మనిషి ఈ భూమి మీద ఇంకా పుట్టలేదని నేను కనపడ్డవాళ్లందరితో పందెం కాసేదాన్ని. పుట్టిందని తర్వాత తెలిసింది. అప్పటికే ఆ మనిషికి అరవై దాటాయి.

రాస్తున్న నేను ఆవిడ కూతురి కూతుర్ని. ఎనిమిదో తరగతి రెండుసార్లు చదివాను కాబట్టి లెక్కప్రకారం పదహారు చదివినట్టే. ఇందులో తప్పులుంటే సగం బడివి, సగం నావి.

మా గది నాలుగంతస్తుల మేడ మెట్ల కింద ఉంటుంది. లోపలికి పోయేకొద్దీ కప్పు కిందకి దిగుతుంది. నేను వంగి నడవాలి. అమ్మమ్మకి ఆ అవసరం లేదు. "దేవుడు ముందు ఈ గదిని కొలుచుకుని తర్వాత నన్ను చేశాడు" అంటుంది. బల్ల మీద మడతలేసిన దుప్పటి, దాని మీద అంచులు మాడి గోధుమరంగుకి తిరిగిన తెల్లగుడ్డ, పక్కన నీళ్ల గిన్నె, బల్ల కింద పాత పేపర్ల దొంతర. ఇస్త్రీపెట్టె ఇత్తడిది. దాని గొళ్లెం కోడిపుంజు ఆకారంలో ఉంటుంది. చిన్నప్పుడు ఆ పుంజు కూస్తేనే తెల్లారుతుందని నన్ను నమ్మించింది. చాలా ఏళ్లు నమ్మాను. అదీ నా చదువు.

ఇస్త్రీ అయిన బట్టల్ని పాత పేపరులో చుట్టి దారం కట్టి ఇవ్వడం ఎవరైనా చేసేదే. అమ్మమ్మ చుట్టే పద్ధతి మాత్రం వేరు. పేపరు చివరి పేజీలో కింద మూలన మూడు గడుల బొమ్మ ఒకటి వచ్చేది. ఆ బొమ్మ సరిగ్గా మూట పైకి, నడిమధ్యకి వచ్చేలా పేపరు మడిచేది. దారం బొమ్మ మీద నుంచి పోకూడదు. పోతే విప్పి మళ్లీ కట్టేది. చొక్కా మడత కాస్త అటూ ఇటూ అయినా ఊరుకునేది గానీ, బొమ్మ వంకరగా ఉంటే ప్రాణం ఒప్పేది కాదు.

ఆ బొమ్మలో ఉండేది ఒక్కడే మనిషి. బట్టతల, దాని మీద ఒకే ఒక్క వెంట్రుక, చంకలో గొడుగు. గొడుగాయన అనేవాళ్లం. ఆయన కష్టాలన్నీ మూడు గడుల్లో మొదలై మూడు గడుల్లో ముగిసిపోయేవి. మొదటి గడిలో వాన పడుతుంటే గొడుగు తెరుస్తాడు, వాన ఆగిపోతుంది. రెండో గడిలో మూస్తాడు, కుండపోత. మూడో గడిలో గొడుగు తిరగేసి నీళ్లు పట్టుకుని, నడివీధిలో వీపు రుద్దుకుంటూ కూర్చుంటాడు. మాటలు ఉండేవి కావు. అమ్మమ్మకి అక్షరం ముక్క రాదు. గొడుగాయనకీ వచ్చినట్టు లేదు. అందుకే ఇద్దరికీ అంత బాగా కుదిరింది.

ఏ మూట మీద ఏ బొమ్మ వెయ్యాలనేది ఆవిడే తేల్చేది. పెళ్లాంతో మాటల్లేని మూడో అంతస్తు గుమాస్తాకి, గొడుగాయన అలిగి వంటింటి బయట గొడుగు కింద కాపురం పెట్టిన బొమ్మ వెళ్లింది. మర్నాడు ఆ గుమాస్తా పెళ్లామే బట్టలు తీసుకెళ్లడానికి వచ్చి, మూతి బిగించుకుని, "ఇంకోటి ఉందా?" అని అడిగింది.

ఇంకో గొప్ప కూడా ఉండేది ఆవిడకి. బట్టలు చూసి మనిషి ఎక్కడికి వెళ్తున్నాడో చెప్పేది. "ఈ చొక్కా ఉద్యోగం అడగడానికి పోతోంది. ఈ లంగా అలిగి పుట్టింటికి పోతోంది." తొంభై పాళ్లు నిజమయ్యేది. మిగతా పది పాళ్లు, ఆ మనిషే తప్పు చోటికి వెళ్లాడనేది.

ఇక గడియారాల మామయ్య. మాకు చుట్టం కాదు, వరసకి అలా పిలిచేదాన్ని. ఎదురు వరసలో గడియారాలు బాగుచేసే కొట్టు ఆయనది. కంటికి భూతద్దం బిగించుకుని, ఆవగింజంత చక్రాల్ని పట్టకారుతో ఎత్తేవాడు. గోడనిండా గడియారాలు, తలో వేళ చూపిస్తూ. "నీ కొట్టుకొస్తే పొద్దున తిని వచ్చినవాడికి రాత్రి ఆకలేస్తుందయ్యా" అనేది అమ్మమ్మ. "అందుకే అక్కా, నేను అక్కడ తినను, ఇంటికెళ్లి తింటాను" అనేవాడు ఆయన.

గొడుగాయన్ని చూసి వీధిలో అందరూ నవ్వేవారు గానీ, ఆయన నవ్వి ఊరుకునేవాడు కాదు. మూడు గడుల పక్కన, పేపరు అంచు తెల్లగా ఉన్నచోట, పెన్సిల్‌తో నాలుగో గడి గీసేవాడు. ఆ కాగితాన్ని మళ్లీ వారం ఉతికిన బట్టలతో పాటు మాకు తిప్పి పంపేవాడు. వీధిలో వీపు రుద్దుకుంటున్న గొడుగాయన వెనక, నాలుగో గడిలో, తువ్వాళ్లు పట్టుకుని జనం వరస కట్టి ఉంటారు. వరస చివర పొట్టిగా, చేతిలో ఇస్త్రీపెట్టెతో ఒకావిడ. అది చూసి అమ్మమ్మకి ఎక్కిళ్లు వచ్చాయి. బట్టల మీద చల్లాల్సిన నీళ్లు తాగేసింది. ఆ తర్వాత నుంచీ ఆయన మూట చుట్టేటప్పుడు కుడిచేతివైపు నాలుగువేళ్ల ఖాళీ వదిలి మడిచేది.

ఆయన భార్య, అంటే నాకు వరసకి అత్త, మాత్రం నవ్వేది కాదు. చెడ్డ మనిషి కాదు, ఊరికే నవ్వదు. మూట నేను తీసుకెళ్తే తనే దారం విప్పేది. ఆ దారాన్ని వేలికి చుట్టి దాచేది. బొమ్మకేసి ఒకసారి చూసేది. "ఇదేం పిచ్చే మీకు" అని కాగితం తీసి భర్త కోసం మేకుకి గుచ్చేది. మామయ్య మా గది ముందు నిలబడి, "మా ఇంటావిణ్ణి ఒక్కసారి నవ్వించక్కా, గోడ గడియారం ఇస్తాను. కొత్తది. సరిగ్గా తిరిగేది" అనేవాడు.

"పందెమా?"

"పందెమే."

"అయితే గోడకి మేకు కొట్టుకుంటా."

నిజంగానే కొట్టించింది. ఆ మేకుకి ఇప్పుడు నా సంచి వేలాడుతోంది.

మామయ్యకి గుండె నొప్పి వచ్చి ఆస్పత్రిలో చేర్చారు. ఒకటి రెండు రోజుల్లో పంపించేస్తామన్నారని వీధిలో చెప్పుకున్నారు. అమ్మమ్మ ఆస్పత్రికి వెళ్లలేదు. "మందుల వాసనలో నేనేం చేస్తా? వచ్చాక నవ్విస్తా" అంది. ఆ రోజుల్లోనే పేపర్లో ఒక బొమ్మ వచ్చింది. అది చూసి అమ్మమ్మ బల్ల పట్టుకుని నిలబడిపోయింది. "ఇది ఎవరికీ వెయ్యను. ఆయనకే" అని దుప్పటి కింద దాచింది.

ఆ బొమ్మ ఇదీ. మొదటి గడిలో గొడుగాయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని అద్దం ముందు నిలబడి ఉంటాడు, చొక్కా అంచులు కత్తిలా ఉంటాయి. రెండో గడిలో ఆ ఒక్క వెంట్రుకని రెండు చేతులా దువ్వుకుంటాడు. మూడో గడిలో, ఎక్కడికో బయల్దేరతాడనుకుంటామా, మంచం మీద వెల్లకిలా, కర్రలా బిగుసుకుని పడుకుని ఉంటాడు. చేతులు రెండూ పక్కలకి చాపి, చొక్కా నలగకుండా. గొడుగు కూడా పక్కనే తిన్నగా పడుకుని ఉంటుంది.

ఇస్త్రీ మనిషికి ఇంతకన్నా ఏం కావాలి?

ఒక పొద్దున మామయ్య పక్కింటాయన వచ్చి తెల్ల పొడుగుచేతుల చొక్కా, ముదురు రంగు ప్యాంటు బల్ల మీద పెట్టాడు. "గడియారాలాయనవి. తొందరగా చేసి పంపండి" అన్నాడు, మా మొహాలకేసి చూడకుండానే వెళ్లిపోయాడు.

అమ్మమ్మ చొక్కా ఎత్తి వెలుతురులో పట్టుకుంది. మొహం వికసించింది.

"ఇంటికొచ్చేశాడే. ఇది ఆయన పెళ్లిళ్లకి వేసుకునే చొక్కా. సాయంత్రం ఎక్కడికో బయల్దేరుతున్నాడు."

"ఆస్పత్రి నుంచి వచ్చినవాడు పడుకుంటాడు గానీ ఊరేగుతాడా అమ్మమ్మా?"

"నాకు చెప్పకు. చొక్కా చెప్తోంది."

చొక్కా చెప్తే ఇక నేనెవర్ని. కాలర్ రెండు వైపులా తోమింది. చేతుల మడత మీద పెట్టె మళ్లీ మళ్లీ నడిపింది. దుప్పటి కింద నుంచి బొమ్మ తీసి, సరిగ్గా పైకి వచ్చేలా చుట్టి, కుడిపక్క నాలుగువేళ్లు ఖాళీ వదిలి, దారం కట్టింది. "ఆయన చేతికే ఇవ్వు. మొహం ఎలా పెట్టాడో చూసి వచ్చి చెప్పు."

వాళ్ల గుమ్మం ముందు చెప్పులు కుప్పగా ఉన్నాయి. చూడ్డానికి వచ్చినవాళ్లు అనుకున్నాను. రెండు మెట్లు ఎక్కాక లోపల ఎవరూ మాట్లాడట్లేదని తెలిసింది. ఆగాను. ఈలోపు ఎవరో నా చేతిలోంచి మూట లాక్కుని, "బట్టలొచ్చాయి" అని లోపలికి అందించారు. గదిలో ఆడవాళ్లు గోడలకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. మధ్యలో మామయ్య. వెల్లకిలా, బిగుసుకుని, చేతులు రెండూ పక్కలకి చాపి.

మూట అత్త చేతికి వెళ్లింది. దారం ఎప్పుడూ ఆవిడే విప్పుతుంది. విప్పింది. వేలికి చుట్టుకుంది. బొమ్మకేసి చూసింది. మామయ్యకేసి చూసింది. మళ్లీ బొమ్మకేసి.

నవ్వింది.

చిన్న నవ్వు కాదు. పొట్టలోంచి పెళ్లగించుకుని వచ్చిన నవ్వు. రెండు చేతులతో నోరు మూసుకున్నా వేళ్ల సందుల్లోంచి వచ్చేసింది. భుజాలు ఊగిపోయాయి. కాసేపటికి ఏడుపు కూడా వచ్చి కలిసిందనుకుంటాను, కానీ ఏడుపు ఎవరికీ వినపడలేదు. అంతవరకూ ఏడుస్తున్నవాళ్లు కూడా ఆపేసి ఆవిణ్ణే చూశారు. మామయ్య తల దగ్గర కూర్చున్న ఆయన పెద్దక్క లేచి నిలబడింది.

అమ్మమ్మ పందెం గెలిచింది.

నేను పరుగెత్తుకొచ్చి చెప్పినప్పుడు ఆవిడ ఎవరిదో నీలం చొక్కా చేస్తోంది. చెయ్యి ఆగిపోయింది, పెట్టె చొక్కా మీదే ఉండిపోయింది. పొగ లేచేదాకా ఇద్దరం చూడలేదు. ఆవిడ చేతిలో ఒకరి బట్ట మాడడం అదే మొదటిసారి. పెట్టె ఎత్తితే వీపు మీద పడవ ఆకారంలో నల్లటి మచ్చ.

అత్త నవ్వు ఆమెకంటే ముందే వీధిలోకి వచ్చింది. కొళాయి దగ్గర ఒకావిడ "పకపకా నవ్విందట" అంటే, ఇంకో వీధికి చేరేసరికి "చప్పట్లు కొట్టిందట" అయింది. మాట అక్కడితో ఆగినా పోయేది. అసలు సంగతి, వాళ్లుంటున్న ఇల్లు మామయ్యది కాదు. పెద్దక్కది. తమ్ముడని ఉండనిచ్చింది. ఇప్పుడు, "నా తమ్ముడి శవం ముందు నవ్విన మనిషికి నా ఇంట్లో చోటు లేదు" అంది. నెల తిరక్కుండా ఖాళీ చెయ్యమంది. అత్తకి వెనకా ముందూ ఎవరూ లేరు. కొట్టు అద్దెది.

అమ్మమ్మ రెండు పూటలు అన్నం ముందు కూర్చుని లేచిపోయింది. తర్వాత నన్ను పాత కాగితాల కొట్టుకి తరిమింది. ఆ బొమ్మ వచ్చిన పేపరు ఇంకోటి వెతికి తెమ్మంది. తెచ్చాను.

"ఏం చేస్తావు దీంతో?"

"పెద్దావిడకి చూపిస్తా. తప్పు నాదని చెప్తా. బొమ్మ చూస్తే ఆవిడకీ నవ్వొస్తుంది. తనకే నవ్వొచ్చాక ఇంకొకర్ని ఏం అంటుంది?"

"రాకపోతే?"

"నేను నవ్వించలేని మనిషి పుట్టలేదని ఊరంతా చాటింపు వేసింది నువ్వేగా. పద."

పెద్దక్క ఇంట్లో కుర్చీలన్నీ గోడకి అంటించి వేసి ఉన్నాయి. మమ్మల్ని కూర్చోమనలేదు. అమ్మమ్మ చీర కొంగులోంచి పేపరు ముక్క తీసి ఇచ్చింది.

"ఆ రోజు మూట మీద ఉన్నది ఇదేనమ్మా. నేనే పెట్టా. ఆయన ఇంటికొచ్చాడనుకుని, నవ్వుకుంటాడని. ఆ అమ్మాయి తప్పేం లేదు. ఒక్కసారి చూడండి."

పెద్దక్క కళ్లజోడు తెచ్చుకుంది. చూసింది. చాలాసేపు చూసింది. నేను ఆవిడ మూతినే చూస్తున్నాను. గోడకి వేసిన సున్నంలా ఉంది.

"ఇందులో నవ్వడానికేముంది?" అంది.

"అదేనమ్మా, చొక్కా వేసుకున్నాడుగా..."

"వేసుకుంటే?"

"ఎక్కడికో వెళ్తాడనుకుంటామా. వెళ్లడు."

"ఎందుకు వెళ్లడు?"

"ఇస్త్రీ నలుగుతుందని."

"నలిగితే మళ్లీ చేయించుకోవచ్చుగా."

జోకు విప్పి చెప్పడమంటే ఇస్త్రీ చొక్కా మీద ఎక్కి కూర్చోవడమే. అమ్మమ్మ కూర్చోవడమే కాదు, దాని మీద దొర్లింది. గొడుగు కూడా ఎందుకు పడుకుందో చెప్పింది. వెంట్రుక సంగతి చెప్పింది. చివరికి ఆ గదిలోనే చేతులు పక్కలకి బిగించి నిలబడి, ఇలా పడుకున్నాడమ్మా అని చేసి చూపించింది. దేశాన్ని నవ్వించిన మా అమ్మమ్మ, కొయ్యబొమ్మలా నిలబడి, ఒక్క నవ్వు కోసం ఆవిడ కళ్లలోకి చూస్తోంది. నాకు పారిపోవాలనిపించింది.

"మీరు నవ్వితే ఆ అమ్మాయికి ఇల్లు ఉంటుందమ్మా" అనేసింది ఇక దాచుకోలేక.

"నవ్వు రాకపోతే ఏం చెయ్యమంటావు? రానిది తెచ్చుకోనా?" అంది పెద్దక్క. కోపంగా కూడా అనలేదు. "మూడు గీతల మనిషి పడుకున్నాడని, కట్టుకున్నవాడి శవం ముందు నవ్వు ఎలా వచ్చింది దానికి?"

అమ్మమ్మ బిగించిన చేతులు వదిలేసింది. "నాలుగో గడి మీ తమ్ముడు గీసేవాడు. అది ఉంటే మీకూ నవ్వొచ్చేది" అంది.

"వాడు గీసేవాడా?"

పెద్దక్కకి తెలియదు. తమ్ముడు బొమ్మలు గీస్తాడని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. అమ్మమ్మ ఆశగా మళ్లీ కొంగు విప్పింది. అందులో ఇంకో ముక్క ఉంది, తువ్వాళ్ల వరస బొమ్మ. ఇంతకాలం దాచుకున్నది. పెద్దక్క దాన్ని అందుకుంది. పెన్సిల్ గీత మీద వేలు పెట్టింది. ఆవిడ కింది పెదవి వణికింది. వస్తోంది, వస్తోంది అనుకున్నాను.

వచ్చింది. ఏడుపు.

ఆ కాగితం మొహానికి అద్దుకుని కుర్చీలో కూలబడి ఏడ్చింది. "నాకు కన్నీళ్లు వస్తున్నాయే, దానికి నవ్వెలా వచ్చింది" అని మళ్లీ మళ్లీ అదే మాట. మా కేసు అక్కడితో పూర్తిగా పోయింది. కాగితం తిరిగి ఇవ్వలేదు. అడగడానికి అమ్మమ్మకి నోరు రాలేదు. దారిలో గొడుగాయనలా మేమూ ఎండలో నడుచుకుంటూ వచ్చాం. గొడుగు ఒక్కటే తక్కువ.

నెలాఖరున అత్త ఇల్లు ఖాళీ చేసింది.

వెళ్లేముందు రోజు తన చీరలు రెండు ఇస్త్రీకి తెచ్చింది. అమ్మమ్మ తల ఎత్తకుండా నీళ్లు చల్లింది. అత్త గడప మీద కూర్చుంది. ఎప్పుడూ కూర్చోని మనిషి.

"ఆయన అంతే అక్కా" అంది ఉన్నట్టుండి. "పెళ్లిళ్లకి వెళ్తే ఆ చొక్కా నలుగుతుందని కూర్చునేవాడు కాదు. భోజనాల దగ్గర కూడా నిటారుగా. బొగ్గులక్క కష్టపడి చేసింది, కూర్చుంటే పాపం అనేవాడు. ఆ రోజు అలా పడుకున్నాడా, ఆ బొమ్మ చూశానా..."

"పెద్దావిడకి ఈ మాట చెప్పలేకపోయావా అమ్మాయ్?"

"చెప్పాను. ఇంకా కోపమొచ్చింది."

అమ్మమ్మ చీరలు మడిచింది. దొంతరలోంచి ఒక పేపరు లాగి, సబ్బుల ప్రకటన పైకి వచ్చేలా చుట్టి, దారం కట్టింది. దారం సరిగ్గా నడిమధ్య నుంచి పోయింది. అత్త మూట అందుకుని పైన చూసింది. తిప్పి కింద చూసింది. ఒళ్లో పెట్టుకుని కాసేపు కూర్చుని, వెళ్లిపోయింది. ఎక్కడికని అడిగితే, చూసుకుంటానంది.

ఇప్పుడు మూటల మీద సబ్బులు, పళ్లపొడులు, రేపటి ఎండ లెక్కలు వస్తున్నాయి. "గొడుగాయన ఏడమ్మా?" అని అడిగితే, "పేపరువాళ్లు ఆపేశారు" అంటుంది. ఆపలేదు. ఆ మూల చింపి, పొద్దున్నే దాంతోనే బొగ్గులు రాజేస్తోంది. అంటించేముందు ఒకసారి చూస్తుంది. నేను చూడట్లేదనుకుంటుంది. మూతి ఒకవైపుకి కదలబోతుంది, అంతలో అగ్గిపుల్ల గీస్తుంది. గొడుగాయన వెంట్రుక ముందు కాలుతుంది.

ఆవిణ్ణి మళ్లీ నవ్వించాలని నేను చెయ్యని కోతిపని లేదు. ఇది రాయడం కూడా అందులో ఒకటి. మధ్యాహ్నం పని తెరిపినిచ్చాక బల్ల పక్కన నిలబెట్టి మొదట్నుంచీ చదివి వినిపించాను. కోటలు, ఏనుగుల దగ్గర నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. పుంజు గొళ్లెం తీసి, పెట్టెలో బొగ్గులు ఊది, మూత వేసింది.

"ఎలా ఉంది?" అన్నాను.

"ఆవిడ ఒక్కసారి నవ్విందానికి ఇన్ని కాగితాలు రాశావు. ఇల్లు పోయిందానికి ఒక్క ముక్క రాశావు. వీధిలోవాళ్లు చేసిందీ ఇదేగా."